240 గీత నుంచి కిందికి

నేను పాలసీసాను. అడుగు నుంచి మెడ దాకా నా ఒంటి మీద గీతలుంటాయి. 30, 60, 90 అంటూ మొదలై 240 దగ్గర ఆగుతాయి. ఇంట్లో ఎవరి మాటకైనా ఎదురు చెప్పొచ్చు గానీ నా గీతలకు చెప్పలేరు. బిడ్డ ఎంత తాగాడో, ఎంత వదిలేశాడో అందరికీ చూపించేస్తాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

గర్వమైతే ఉంది గానీ పరపతి లేదు. సబ్బులకు, షాంపూలకు, పిల్లల డైపర్లకు టీవీలో ప్రకటనలు వస్తాయి. నాకు రావు. 1992లో పార్లమెంటు పాలపొడికీ, పిల్లల డబ్బా ఆహారానికీ, నాకూ కలిపి ఒక చట్టం చేసింది. 2003లో దాన్ని ఇంకా బిగించింది. పాలసీసా కొనమని ఎవరూ ఎక్కడా ప్రకటన ఇవ్వకూడదు. నేను అమ్ముడుపోయిన హైదరాబాద్ రామంతాపూర్‌లోనే దూరదర్శన్ స్టూడియో ఉంది. అంత దగ్గరున్నా తెర మీద మొహం చూపించే యోగం నాకు లేదు. దుకాణం అరలో ఉన్నప్పుడు ఆ చట్టం మీద మంటగా ఉండేది. ఒక ఇంట్లో కాపురం చేశాక దాని అవసరం తెలిసొచ్చింది.

నన్ను కొన్నది ఆ ఇంటి కోడలు. ఉస్మానియా యూనివర్సిటీ వైపు ఒక ఆఫీసులో ఉద్యోగం. ప్రసూతి సెలవు అయిపోవస్తుంటే, పగటి పూట బిడ్డకు పాలెట్లా అన్న దిగులుతో మందుల షాపుకొచ్చి నన్ను తీసుకెళ్లింది. సరిగ్గా ఆ వారమే అన్నప్రాసన. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, డబ్బులు పేర్చి బిడ్డను బోర్లా పడుకోబెట్టారు. ఏది ముట్టుకుంటే పెద్దయ్యాక ఆ దారి పడతాడని ముచ్చట. వాడు పొట్ట మీద జరుగుతూ వచ్చి, వాటన్నిటినీ వదిలేసి, ఎవరో మరచిపోయి చాప అంచున పెట్టిన నన్ను పట్టుకున్నాడు. "పాల యాపారం జేస్తడు తియ్యి!" అంది నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నానమ్మ. ఉంగరంతో పాయసం నాలుకకు రాస్తే మూతి ముడిచాడు. గెలుపు నాదేననుకున్నాను.

మొదట్లో బాగానే నడిచింది. పొద్దున, సాయంత్రం, రాత్రి తల్లి రొమ్ము పాలు. మధ్యాహ్నానికి ఆమె ముందు రోజు ఆఫీసులో పిండి తెచ్చిన పాలు, చెంచాతో. ఆ పాలు మోయడానికి ఐసు పెట్టిన సంచిలో నేనూ ఆమె వెంట వెళ్లొచ్చేదాన్ని. ఆ దారి నాకు కంఠతా వచ్చు. రామంతాపూర్ నుంచి హబ్సిగూడ చౌరస్తాకు వస్తే నేరుగా నాచారం, ఎడమకు తార్నాక. తార్నాక చౌరస్తాలో కుడికి పోతే లాలాపేట, ఎడమకు తిరిగితే జాతీయ పోషకాహార సంస్థ, ఆ పైన ఉస్మానియా క్యాంపస్. ఈ దారిలో ఒక విచిత్రం ఉంది. విజయ డెయిరీ ఉన్నది లాలాపేటలో. అంగన్‌వాడీ పిల్లలకిచ్చే బాలామృతం తయారయ్యేది నాచారంలో. పిల్లలకు ఏది ఎంత కావాలో లెక్కగట్టేది తార్నాకలో. పాలూ, తిండీ, ఆ రెండింటి లెక్కా ఇలా ఇరుగుపొరుగున కాపురముండే ఊరు ఇంకొకటి ఉందో లేదో మరి.

ఎనిమిదో నెలలో ఆఫీసు పని పెరిగింది. పాలు పిండే తీరిక దొరకలేదు. పిండకపోతే రొమ్ములో పాలు నిలవుంటాయి, నిలవుంటే ఇక చాలని ఒళ్లు పాల తయారీ తగ్గించేస్తుంది. అది శరీర ధర్మం. మధ్యాహ్నపు వాటా తగ్గేసరికి నానమ్మ రంగంలోకి దిగింది. వెనక గల్లీలో గేదెలున్నాయి, చిక్కటి పాలు. అక్కడి నుంచి నా వైభవం మొదలైంది.

ఆకలికి ఏడిస్తే నేను, నిద్రకు ఏడిస్తే నేను, పళ్లు మొలిచే సలుపుకు ఏడిస్తే నేను. రోజు మొత్తం మీద లెక్కేస్తే లీటరు దాకా నా గుండానే పోయేది. గిన్నెలో ఉగ్గు కలిపి తెస్తే వాడు పెదాలు బిగించి తల తిప్పేవాడు. "ఏం తినకపోతే మాయె, పాలన్న తాగుతుండు గద!" అనేది నానమ్మ. ఈ ఒక్క మాట ఎన్ని ఇళ్లలో ఎన్ని బువ్వ గిన్నెలను వంటింట్లోకి వెనక్కి పంపిందో! పైగా వాడు బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు. తెల్లగా అవుతున్నాడని కూడా మురిసిపోయారు. ఆ తెలుపు ఎక్కడిదో అప్పటికి ఎవరికీ తెలియదు.

తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ వాడి కింది కనురెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది.

"పాలెన్ని తాగుతాడమ్మా?"

"మస్తుగ తాగుతడు డాక్టరమ్మా, లీటరు దాంక!" నానమ్మ గొంతులో గొప్ప.

డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని 240 గీత మీద వేలు పెట్టింది. "ఈ వయసు బిడ్డ పొట్ట ఒక్కసారికి పట్టేది రెండు వందల మిల్లీలీటర్లకు అటూ ఇటూ. సీసా నిండా పోస్తున్నారు, పొట్ట నిండిపోతోంది. ఇంక బువ్వ ఎక్కడ పెట్టుకుంటాడు పెద్దమ్మా?"

నా గీతలను నాకే వ్యతిరేకంగా సాక్ష్యానికి పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ రోజు విన్నది చెబుతాను. బిడ్డ కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము సుమారు ఆరు నెలల దాకా సరిపోతుంది. తల్లిపాలలో ఇనుము కొంచెమే, కానీ ఒంటికి బాగా పడుతుంది. గేదె పాలలో, ఆవు పాలలో ఇనుము అంతంత మాత్రం. వాటిలోని కాల్షియం, పాల మాంసకృత్తు తిండిలోని ఇనుమును కూడా ఒంటికి సరిగ్గా అందనివ్వవు. ఏడాది లోపు పిల్లల్లో పశువుల పాలు ఎక్కువైతే పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం కూడా పోవచ్చు. బొద్దుగా ఉంటూనే రక్తం పలచబడటం అంటే ఇదే. ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరిదీ పాల వల్లే అని నేననను. మా వాడిది మాత్రం చాలా మటుకు నా చలవే.

ఇనుము చుక్కల మందు రాసి డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది: "తల్లిపాలు తగ్గించొద్దు. రెండేళ్లు దాటినా ఇవ్వొచ్చు. తగ్గించాల్సింది ఇదీ" అని నన్ను బల్ల మీద పెట్టింది.

మర్నాడు కోడలు తార్నాకలో దిగి పోషకాహార సంస్థ వాళ్ల ఆహార మార్గదర్శకాలు తెచ్చుకుంది, 2024లో సవరించినవి. ఆ సంస్థ కథ కూడా ఆమె ఇంట్లో చెబుతుంటే విన్నాను. 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని మెకారిసన్ అనే దొర ఒక్క గదిలో మొదలుపెట్టాడట. 1958లో హైదరాబాద్ వచ్చింది. 1969లో ఇప్పటి పేరు. హైదరాబాద్ మిక్స్ అని పిల్లల పిండి ఒకటి వీళ్ల పుణ్యమే: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. వేయించి పొడి చేసుకుంటే 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. ఇంట్లో దొరకనిది అందులో ఒక్కటీ లేదు.

కోడలు ఒక కాగితం మీద లెక్క రాసి ఫ్రిజ్‌కు అంటించింది. తల్లిపాలు తాగే బిడ్డకు తిండి నుంచి రోజుకు రావాల్సినవి 6-8 నెలల్లో సుమారు 200 కేలరీలు, 9-11 నెలల్లో 300, ఏడాది దాటాక 550. పూటలు మొదట రెండు మూడు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. అంకెలు పైకి పోతున్నాయి. అవి బువ్వ గిన్నెవి. నావి కిందికి రావాలి.

వాళ్లు నన్ను ఒక్కసారిగా మాన్పించలేదు. అలా చేసి ఉంటే వాడు ఇల్లు పీకి పందిరేసేవాడు. మొదట మార్చింది పరిమాణం కాదు, వరస. అంతకు ముందు పాలు పట్టాక, మిగిలిన ఆకలికి బువ్వ. ఇప్పుడు ముందు బువ్వ, ఆ తరవాత అడిగితే పాలు. అన్నానికి గంట ముందు నుంచి నేను కంటబడకూడదు. నా చోటు ఫ్రిజ్ మీదికి మారింది. నేను కనిపిస్తే వాడికి గిన్నె కనిపించదని కోడలు కనిపెట్టింది.

తరవాత మధ్యాహ్నం సీసా. 240 నుంచి 180కి, నాలుగు రోజులాగి 120కి, ఆ పైన 60కి. పప్పన్నం మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, తోటకూర కలిపి, మీద నాలుగు చుక్కల నిమ్మరసం. ఆ పులుపు వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుందట. రెండు వారాలకు మధ్యాహ్నం నన్ను అడగడం మానేశాడు. పదకొండు గంటల సీసా స్థానంలో ఉడికించిన గుడ్డు, అరటిపండు వచ్చాయి. నడుమ జ్వరమొచ్చి మూడు రోజులు ఏమీ తినలేదు. కోడలు సెలవు పెట్టి అడిగినప్పుడల్లా రొమ్మిచ్చింది. జ్వరం తగ్గాక రోజూ ఒక పూట అదనంగా తినిపించి దారికి తెచ్చింది. తిండి సరిపోకముందే పాలు తగ్గిస్తున్నామేమోనన్న భయం ఇంట్లో అందరికీ ఉండేది. నెలనెలా అంగన్‌వాడీలో తూకం, రోజూ తడిసే బట్టలు, ఈ రెండూ చూసుకుని ధైర్యం తెచ్చుకున్నారు. ఆ అంగన్‌వాడీ టీచరే రెండున్నర కిలోల బాలామృతం సంచీ ఇచ్చింది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలనెలా ఇస్తారు.

అసలు యుద్ధం మాత్రం జావ దగ్గర జరిగింది. బువ్వ తినడం లేదని నానమ్మ ఒక ఉపాయం పన్నింది. సూది కాల్చి నా పీకకు రంధ్రం పెద్దది చేసి, పల్చటి రాగి జావ నాలో పోసింది! నా బతుకులో అంత అవమానం ఇంకొకటి లేదు. వాడు గుటగుట తాగేసి పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"అత్తమ్మా, సీసాల జావ పొయ్యొద్దు. నమలుడు ఎప్పుడు నేర్వాలె వాడు? చెంచా వంచినా జారకుండ ఉండాల్నంట."

"గట్టిగుంటే మింగుతడానే? గొంతుల వడ్తది."

ఇద్దరి మాటలోనూ నిజముంది. చిన్న పొట్టలో నీళ్ల జావ నింపితే చోటు దండగ. అలాగని ముద్ద గట్టిగా ఉంటే మింగలేడు. ముడి విప్పింది నానమ్మే. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రప్పించి, ఎండబెట్టి, కాస్త వెచ్చబెట్టి విసిరింది. ఆ పిండి చెంచాడు కలిపితే గట్టి జావ కూడా నీళ్లు పోయకుండానే మెత్తగా జారుతుంది. మొలకెత్తే గింజలో పుట్టే ఒక రసాయనం పిండి పదార్థాన్ని విడగొట్టడం వల్ల అలా అవుతుందని శాస్త్రం. నానమ్మకు శాస్త్రం పేరు తెలియదు, ఆమె అత్త చేయడం చూసింది. చదువుకున్న కోడలు నోరెళ్లబెట్టింది.

చివరిదాకా నేను పట్టు వదలనిది రాత్రి పూట. నన్ను నోట్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. పాలు పళ్ల మీద రాత్రంతా నిలిస్తే పై ముందు పళ్లు పుచ్చిపోతాయి. అందుకని అన్నం తిని, నోరు తుడిచి, తల్లి పక్కలో పడుకోవడం అలవాటు చేశారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. తరవాత వాడే మరచిపోయాడు. పిల్లలు పెద్దలకన్నా త్వరగా మరచిపోతారు.

ఏడాది నిండేసరికి హిమోగ్లోబిన్ 11 దాటింది. ఇప్పుడు పశువుల పాలు తాగొచ్చు, రోజుకు అర లీటరు మించకుండా, చిన్న స్టీలు గ్లాసులో. మీద సగం పోసుకుంటాడనుకోండి, అది వేరే సంగతి.

నేనింకా ఫ్రిజ్ మీదే ఉన్నాను. పక్క పోర్షన్‌లో కొత్తగా ఒక బాలింత దిగింది. "మంచిగున్న సీస, ఉత్తగ పారేసుడెందుకు? ఆ పిల్లకిస్త" అంటోంది నానమ్మ. నానమ్మా, నా మనవి విను. ఆమెకు పాలున్నాయి, పట్టనివ్వు. ఎప్పుడైనా పిండిన పాలు పట్టాల్సొస్తే చిన్న గిన్నె, చెంచా చాలు. వాటిని బాగా కడిగి మరిగిస్తే సరిపోతుంది. నా పీక సందుల్లో ఇరుక్కున్న పాల మడ్డి అంత తేలిగ్గా వదలదు, దాంతో విరేచనాలు పట్టుకుంటాయి. నన్ను ఇవ్వకు. ఇవ్వదలుచుకుంటే నీ మొలక రాగుల పిండి ఒక డబ్బాడు ఇవ్వు. అదీ ఆ బిడ్డకు ఆరు నెలలు నిండాక.