బూచాడి నైట్ డ్యూటీ

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళలో జీతం బత్తెం లేకుండా, పండగ సెలవు కూడా అడక్కుండా పనిచేసే ఉద్యోగి ఒక్కడే ఉన్నాడు. వాడు బూచాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచుకున్నప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె కొత్తగా పుట్టిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. బూచాడి సరిహద్దులు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తెనాలిలో ఎక్కిన రైలుకు రేపల్లెలో పట్టాలు అయిపోతాయి గానీ వీడికి అక్కడా ఆగే పనిలేదు. పొద్దున ఇడ్లీ ముక్క దగ్గర ఒకసారి, మధ్యాహ్నం పప్పన్నం దగ్గర ఒకసారి, తలంటుకి మొరాయిస్తే ఇంకోసారి, రాత్రి కళ్ళు మూయకపోతే ఆఖరిసారి రావాలి. పని ఎక్కువైనప్పుడు సాయానికి సంచివాడు, పోలీసు, సూది పొడిచే డాక్టరుగారు ఉండనే ఉన్నారు. పాపం, ఆ డాక్టరుగారి దగ్గరికి నిజంగా జ్వరమొచ్చి తీసుకెళ్తే పిల్లాడు గుమ్మంలోనే చుట్టుకుపోతాడు. "ఏమిటోనండీ, తెల్లకోటు చూస్తే చాలు, ఒకటే ఏడుపు" అని తల్లిదండ్రులే వింతగా చెప్పుకుంటారు.

ఇంత చాకిరీ చేయించుకున్నాక వాడు ఒకనాటి అర్ధరాత్రి పిలవకుండానే డ్యూటీకొస్తే ఇల్లంతా నివ్వెరపోతుంది. రెండున్నరేళ్ళ పిల్ల లేచి కూర్చుని, బీరువా పక్క చీకటికేసి వేలు చూపించి ఏడుస్తుంది. "జడుసుకుంది" అని తేలుస్తారు. ఇక విచారణ మొదలు. దీపాలు పెట్టే వేళ చింతచెట్టు కిందనుంచి ఎత్తుకొచ్చిందెవరు? పక్కింటావిడ చూపు ఎలాంటిది? మొన్న అమావాస్యనాడు ఎవరింటికి వెళ్ళాం? ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోస్తారు, ఎర్రనీళ్ళు దిగదుడుస్తారు, మర్నాడు అంత్రం కట్టిస్తారు. అందరినీ అనుమానిస్తారు గానీ, రాత్రి ఎనిమిదింటికి అన్నం గిన్నె చేత్తో పట్టుకుని, కిటికీకేసి చూసి, గొంతు తగ్గించి "అదుగో, వస్తున్నాడు" అన్నదెవరని మాత్రం ఎవరూ అడగరు. ఎనిమిదింటికి ఉన్నాడని ఒట్టు వేసినవాళ్ళే పన్నెండింటికి "ఎవరూ లేరమ్మా, పడుకో" అంటారు. ఈ రెండు వాంగ్మూలాల్లో ఏది అబద్ధమో తేల్చుకోవలసిన భారం ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని మనిషిది.

భయం ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు ఒక పసివాడి మీద ప్రయోగం చేసి 1920లో ప్రచురించారు. ఆల్బర్ట్ అని పేరుపెట్టిన ఆ పదకొండు నెలల పిల్లాడు తెల్లెలుకతో హాయిగా ఆడుకునేవాడు. వాడు ఎలుకను ముట్టుకున్నప్పుడల్లా వెనకనుంచి ఇనుపకడ్డీ మీద సుత్తితో బాదారు. ఏడుసార్లు అయ్యేసరికి చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే వాడు ఏడ్చి పారిపోబోయాడు. తర్వాత కుందేలును చూసినా, కుక్కను చూసినా, బొచ్చుకోటును చూసినా అదే వరస. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ముందుకు తీసుకెళ్ళినా గెంటివేసే ప్రయోగమిది. మన వంటింటికి కమిటీ లేదు, ఇనుపకడ్డీ కూడా అక్కర్లేదు, ఒక్క మాట చాలు. పైగా వాళ్ళు ఏడుసార్లతో సరిపెట్టారు, మనం రోజుకి మూడు పూటలా చేస్తాం.

నాలుగేళ్ళ తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దీన్ని తిరగేసి చూపించింది. మూడేళ్ళు నిండబోతున్న పీటర్‌కు కుందేలంటే హడలు. వాడు ఇష్టమైనది తింటూ కూర్చుంటే బోనులో కుందేలును గదికి ఆ చివర పెట్టేవారు, ఇంకో రోజు కాస్త దగ్గరికి జరిపేవారు. భయంలేని పిల్లలను కూడా తెచ్చి పక్కన ఆడించారు. చివరికి ఆ కుందేలు వేళ్ళు కొరుకుతున్నా పీటర్ ఊరుకున్నాడు. ఆమె తిండి పెట్టి భయం పోగొట్టింది. మనం భయం పెట్టి తిండి తినిపిస్తాం. దినుసులు అవే, వంటే వేరు.

"మేమంతా బూచాడి చేతుల్లోనే పెరిగాం, మాకేమైంది?" అంటారు పెద్దలు. ఏమీ కాకపోతే మంచిదే. కానీ ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నది చిన్నపిల్లలు కాదు. దయ్యానికి తెలుగు చదవడం వచ్చనీ, అది మాట మీద నిలబడుతుందనీ నమ్మినవాళ్ళు బాగా ఎదిగిన మనుషులే. "అంత్రం కట్టించాక తగ్గింది, కళ్ళారా చూశాం" అన్నది ఇంకాస్త గట్టి వాదన. పడుకున్న గంటా రెండు గంటలకు కెవ్వున లేచి, కళ్ళు తెరిచి కూడా తల్లిని గుర్తుపట్టక, తెల్లారాక ఏమీ గుర్తులేకుండా ఉండే పిల్లలు కొందరు. తెల్లవారుజామున పీడకల వచ్చి అమ్మను కరుచుకునేవాళ్ళు మరికొందరు. రెండూ చాలామందిలో వయసుతోపాటు వాటంతటవే సద్దుమణుగుతాయి. మనం అంత్రం కోసం పరిగెత్తేది ఏడుపు నెత్తికెక్కిన రాత్రి తర్వాత. రోహిణి కార్తెలో తాయెత్తు కట్టించుకుంటే మృగశిరలో చల్లబడక తప్పుతుందా! అయినా ఆ తంతులో ఒక మేలుందని ఒప్పుకోవాలి. ఆ రాత్రి నాయనమ్మ పక్కన పడుకుని వీపు నిమురుతుంది, తండ్రి ఫోను పక్కన పడేస్తాడు. చేతికి రావలసిన పేరు దారానికి వెళ్తుంది.

అన్ని భయాలూ మనమే నూరిపోశామనడం కూడా తప్పే. రెండు మూడేళ్ళ వయసులో ఊహ రెక్కలు విప్పుకునేటప్పుడు చీకటి దానంతట అదే మూర్తులు కడుతుంది. దానికి చిన్న బల్బూ, రోజూ ఒకే వరసలో స్నానం, కథ, పడక, పగటి వెలుతురులో బీరువా వెనక ఏముందో పిల్లతో కలిసి తొంగిచూడటం చాలు. అలాగని దయ్యాలను కథల్లోంచి తరిమెయ్యమని ఎవరూ అనరు, అందులోనూ తెనాలిలో అసలు అనకూడదు. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ మొదలుపెట్టిన చక్రపాణి ఈ ఊరివాడు. దశాబ్దాలు ఆ పత్రికను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడే పుట్టాడు. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి కోసం లక్షలమంది పిల్లలు నెలనెలా ఎదురుచూశారు. కథలో దయ్యం "అనగనగా" అవతల ఉంటుంది, ప్రశ్న అడుగుతుంది, ఓడిపోతుంది. బెదిరింపులో దయ్యం మన కిటికీ దగ్గరే ఉంటుంది, నీకోసమే వస్తుంది, దానికి ముగింపు లేదు. బిడ్డల శిక్షణ అని పుస్తకమే రాసిన చలం బాల్యం గడిచిందీ తెనాలిలోనే. ఇక ఊరి పేరు మోసే రామకృష్ణుడి కథ సరేసరి: రాత్రివేళ గుళ్ళో వేయి తలల కాళిక ప్రత్యక్షమైతే, ఈ తల్లికి జలుబు చేస్తే ఎన్ని ముక్కులు తుడుచుకోవాలో అని నవ్వాడట ఆ కుర్రాడు. ఆ ఊళ్ళోనే ఇప్పుడు మూడు ముద్దల పెరుగన్నానికి బూచాడిని పిలవాల్సి వస్తోంది.

పైగా వాడి కొలువు శాశ్వతం కాదు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి పిల్లలు లెక్క తేలుస్తారు. అర్ధరాత్రి "ఎవరూ లేరు, ఒట్టు" అని పెద్దలు గట్టిగా చెప్పిన ఏదో ఒకనాడు, కళ్ళు తుడుచుకుని అడుగుతారు: "అయితే రేపు అన్నం తినకపోయినా రాడా?"