ఇంట్లో టైగర్, వీధిలో అనాథ

పెంపుడు కుక్క అంటే తిండి, నీడ, టీకా, అదుపు అనే నాలుగింటికీ ఒక మనిషి పూచీపడిన జంతువని అర్థం కాగా, హైదరాబాదు కాలనీల వాడుకలో మాత్రం అది ఫొటోలు దిగినంతసేపూ ఇంటి బిడ్డగా, ఎవరి పిక్కనైనా పట్టుకున్న మరుక్షణం ఎవరిదో తెలియని ఊరకుక్కగా మారిపోగల విచిత్ర ప్రాణి. తెల్లవారగానే గేటు తీసి దానిని వదిలేసే ఆచారానికి 'స్వేచ్ఛ' అని పేరు. ఆ స్వేచ్ఛ సాధారణంగా పక్కింటి ముగ్గు మీదనే ముగుస్తుంది (సొంత వాకిలి శుభ్రంగా ఉండడంలోని రహస్యమూ ఇదే). కుక్క గర్భధారణ కాలం సుమారు 63 రోజులే కనుక, దానికి ఆపరేషన్ చేయించడం పాపమని తలచిన గృహస్థు, రెండు నెలలు తిరిగేసరికి పుట్టిన కూనలను అట్టపెట్టెలో సర్ది చెరువుగట్టున దించి వచ్చి, వీధికుక్కలు పెరిగిపోతున్నాయని మునిసిపాలిటీకి అర్జీ కూడా పెట్టుకుంటాడు. పిల్లి సంగతి మరీ సులువు: పాలు ఒక ఇంట, కాన్పు మరో ఇంట, బాధ్యత ఏ ఇంటా లేదు.

వీధికుక్కల సంతతిని శస్త్రచికిత్సతో అరికట్టేందుకు కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023, పెంపుడు జంతువుల టీకా, సంతాన నిరోధాల భారాన్ని యజమాని నెత్తినే పెట్టాయి. తన అధీనంలోని జంతువు వల్ల ప్రాణాపాయమో తీవ్రగాయమో కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధిస్తుంది. ఆ సెక్షనులో కుక్కకు శిక్ష లేదు.