చద్దరుకో న్యాయం, కుక్కకో న్యాయం

పానిపట్టులో నేసిన దుప్పటికి ‘షోలాపూర్ చద్దరు’ ముద్ర కొట్టి అమ్మితే మన షోలాపూర్ అశోక్ చౌక్‌లో ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మండాలి కూడా, భౌగోళిక గుర్తింపు ఊరికే తెచ్చుకోలేదు. అసలు నేత ఏదో, నకలు ఏదో మన పెద్దవాళ్లు కళ్లు మూసుకుని తడిమి చెప్పేస్తారు. ఆ వేళ్లే కార్వానీ వేటకుక్క పిల్ల దగ్గరికొచ్చేసరికి మొద్దుబారతాయెందుకో!

కార్వానీనే కర్ణాటకవాళ్లు ముధోళ్ అంటారు, కెన్నెల్ క్లబ్ కారవాన్ హౌండ్ అని రాసుకుంటుంది. ముధోళ్ రాజా ఘోర్పడే ఐదో జార్జికి కుక్కల జతను బహూకరించిన కథ, 2005 తపాలా బిళ్ల, 2020లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకోవడం... అమ్మేవాడు అన్నీ గడగడా అప్పజెబుతాడు. తల్లి ఏ పొలంలో పరిగెత్తిందని అడగండి, దగ్గొస్తుంది.

ఈ జాతిని తీర్చిదిద్దింది రాజూ కాదు, క్లబ్బూ కాదు. గొర్రెల వెంట తిరిగే ధన్‌గర్లు, వేటగాళ్లు. ఇంత జొన్నరొట్టె తిని, ఎండలో రాళ్లనేల మీద కుందేలును తరిమి తరిమి, మర్నాడు మళ్లీ తోక ఊపుతూ లేచినదాన్నే దాటించారు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ వేట నేరం. మంచిదే. కానీ కుక్క తాహతు తేల్చే పని కుందేలు చేతిలోంచి ఫోటో చేతిలోకి పోయింది.

ఫోటోకు ఎత్తు కావాలి, పందెగాడికి వేగం కావాలి. ఇద్దరికీ ఒకటే మందు: గ్రేహౌండ్! చదును ట్రాక్ మీద అరనిమిషంలో పని ముగించుకునే దొరగారు. ఎండా, దాహం ఆయనకెందుకు? పిల్లలు పొడుగ్గా పుడతాయి, ధర ఇంకాస్త పొడుగ్గా.

‘మేం కలపం, స్వచ్ఛం’ అనేవారి సంగతి మరీ ముచ్చట. షోలో గెలిచిన మగకుక్క ఒక్కటే తాలూకా అంతటికీ అల్లుడు. రెండు మూడు ఈతలకల్లా సొంత కూతుళ్లకూ మొగుడే. గోత్రం కలిసిందంటే బంగారంలాంటి సంబంధాన్ని వదులుకునే పద్మశాలీలం మనం! కుక్కల దగ్గర మాత్రం గోత్రం కలిస్తేనే ‘ప్యూర్ లైన్’.

‘అన్నా, వంశావళి కాగితం తర్వాత చూద్దాంలే. పొద్దున్నే దాని తల్లినీ తండ్రినీ నా సైకిల్ వెంట హోటగి ఊరి దాకా పరిగెత్తించు, డబ్బు అక్కడే ఇస్తాను’ అని ఒక అమ్మకందారుతో అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. ‘అట్లాంటి పనులు చేయించం దాదా, కూలర్‌లో పెరిగినయి. ఎండ పడదు.’