నాకు ఉబ్బసం వచ్చిన విధంబెట్టిదనిన

శ్రీశ్రీ పుట్టిన ఊళ్లో, రావిశాస్త్రి నల్లకోటు వేసుకుని తిరిగిన ఊళ్లో రెండేళ్లు ఉండబోతున్నానని తెలిసినప్పటినుంచీ నేను మామూలు మనిషిలా నడవడం మానేశాను. చేరింది ఎమ్మెస్సీ ఫిజిక్సులో. అయితేనేం, నాలో ఒక మహాకవి నిద్రపోతున్నాడనీ, వాడు లేవడానికి సముద్రం కనిపించే గది ఒక్కటే తక్కువైందనీ నా గట్టి నమ్మకం. నవ్వకండి. మీలోనూ ఎవడో ఒకడు నిద్రపోతూనే ఉంటాడు. మీకు హాస్టల్లో గది ఎంచుకునే అవకాశం వచ్చి ఉండదు, అంతే.

2014 జులై. విశాఖలో మా హాస్టలు పైకీ కిందికీ తిరిగి గదులు చూసుకుంటున్నాం. నాతో చేరిన శ్రీకాకుళం కుర్రాడొకడు అసలు గదులే చూడలేదు. తిన్నగా బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, బకెట్ నిండేదాకా నిలబడ్డాడు. తర్వాత మెస్సులోకి వెళ్లి, "బాబాయ్, నెలకి డివైడింగు ఎంత పడతాదేటి?" అని వంటాయన్ని కూర్చోబెట్టి అడిగాడు. నెలంతా అయిన ఖర్చు తిన్నవాళ్ల తలలకి పంచేస్తారు కదా, వాడికి ఆ లెక్క కావాలి. ఆఖర్న ఓ గదిలోకెళ్లి పడమటి గోడమీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. కింది అంతస్తులో, మెస్సుకి దగ్గర్లో గది రాయించుకున్నాడు. ఇలాంటివాళ్ల వల్లే దేశంలో కవిత్వం నశించిపోతోందని నేను వాణ్ణి చూసి జాలిపడ్డాను.

నాకు కావలసింది పైఅంతస్తులో సముద్రం వైపు చివరి గది. అవి సీనియర్లకీ రీసెర్చి వాళ్లకీ ఇస్తారట. అందుకని వార్డెన్‌గారి ముందు నిలబడి, ముందుగా ఏమీ అనుకోకుండానే, "సార్, నాకు ఉబ్బసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరుగారన్నారు" అనేశాను.

ఆయన కళ్లజోడు తీశారు. "ఉబ్బసం ఉన్నవాడికి అన్ని మెట్లెందుకయ్యా?"

"ఎక్కేటప్పుడే సార్ ఆయాసం. ఎక్కేశాక ఉండదు."

ఈ జవాబుకి నన్ను అక్కడే బయటికి పంపించెయ్యాలి. ఆయన మంచివారు. ఇచ్చేశారు. పైగా రిజిస్టర్లో నా పేరు పక్కన ఉబ్బసం అని రాసుకున్నారు. మంచివాళ్లతో వచ్చే ఇబ్బందే ఇది, మనం చెప్పింది గుర్తుపెట్టుకుంటారు.

ఇక సముద్రం. మంచం మీద నిలబడి, కిటికీ ఊచకి బుగ్గ ఆనించి, ఎడమవైపు చూస్తే రెండు మేడల మధ్య నుంచి చిటికెన వేలంత నీలం కనిపించేది. అది సముద్రమో, ఎవరి డాబా మీదో కప్పిన టార్పాలినో తేల్చుకోడానికి నాకు వారం పట్టింది. ఈలోపు రామకృష్ణా బీచికి వెళ్లి అలల్ని ఫోటో తీసి, "నా కిటికీ" అని ఫేస్‌బుక్కులో పెట్టేశాను. ఫోటో మూలన, బీచిలో నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ తోక పడిందని కింద గదివాడు చెప్పేదాకా చూసుకోలేదు.

నీళ్ల సంగతికొస్తే, అది ఫిజిక్సువాడు చెప్పుకోవలసిన విషయం కాదు. ట్యాంకు డాబా మీద ఉంటుంది. నీటిమట్టానికి కుళాయి ఎంత కిందుంటే ధార అంత జోరు. పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి దాదాపు కేజీ ఒత్తిడి. ఇది తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. నేను మాత్రం ట్యాంకుకి దగ్గరగా ఉన్నాను కాబట్టి నీళ్లు ముందు నాకే వస్తాయనుకున్నాను! కింద శ్రీకాకుళం వాడి బకెట్టు జలపాతంలా నిండుతుంటే, పైన నా కుళాయి బొట్టు రాల్చి ఆలోచించుకుని ఇంకో బొట్టు రాల్చేది. బకెట్టు పట్టుకుని కిందికి దిగితే వాడు పళ్లు తోముకుంటూ, "ఏట్రా బాబూ, సముద్రంలో తానం సెయ్యలేదేటి?" అనేవాడు. రాత్రి పడుకుంటే పగలంతా వేడి తాగిన స్లాబు అదంతా తిరిగి నామీద కక్కేది. ఉప్పుగాలికి ట్రంకుపెట్టె తాళం తుప్పుపట్టి, సుత్తితో కొడితే గానీ రాలేదు. మహాకవి మాత్రం లేవలేదు.

అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. పొద్దున్నుంచీ గాలి ఉత్తరం నుంచి, నేల వైపు నుంచి కొట్టింది. అందరూ కింది గదుల్లో చేరితే, నా కిటికీ అవతలి వైపు కదా అని నేను పైనే ధీమాగా కూర్చున్నాను. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగింది. తుపాను అయిపోయిందనుకుని కిటికీ తెరిచాను. అది తుపాను కన్నట, మన నెత్తిమీదుగా వెళ్తోందట, అది దాటాక గాలి తిరగబడి సముద్రం వైపు నుంచి కొడుతుందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. కిటికీ రెక్కలు రెండూ ఊడి గదిలోకొచ్చాయి, వాటి వెనకే వర్షం, దాని వెనకే ఎవరిదో లుంగీ. నా కవితల ఫైలు బయటికెళ్లింది. విశాఖకి జరిగిన నష్టంలో దాన్ని ఎవరూ లెక్కలో చూపించలేదు. మెట్లమీద కూర్చుని కూర్చునే దిగి, కింద గదివాడి మంచం కిందికి దూరాను.

కరెంటు లేదు, ఫోన్లు లేవు. బస్సులు తిరగగానే నర్సీపట్నం వైపునుంచి అమ్మా నాన్నా పరిగెత్తుకొచ్చారు. పడిపోయిన చెట్ల మధ్య నిలబడి మాట్లాడుతున్నాం. వార్డెన్‌గారు వస్తూనే, "ఈ తడిగోడలు మీవాడి ఉబ్బసానికి మంచివి కావండీ, కింద గది ఇప్పిస్తాను" అన్నారు.

"ఉబ్బసమా?" అన్నాడు నాన్న.

నిజం చెబితే వార్డెన్‌గారి దగ్గర పరువు పోతుంది. చెప్పకపోతే అమ్మ ప్రాణం పోతుంది. అందరూ నావైపే చూస్తున్నారు. నేను దగ్గాను.

ఎందుకు దగ్గానో ఇప్పటికీ తెలీదు. బాగా దగ్గాను కూడా. అమ్మ ఏడుపు. మీవైపు నుంచే వచ్చిందని నాన్న, మావైపు ఎవరికీ లేదు మీ మేనత్తకే ఉండేదని అమ్మ. నెలాఖరుకల్లా ఊరంతటికీ తెలిసింది. సంక్రాంతికి వెళ్తే ఒక్క బూరె చేతికివ్వలేదు, నూనె వస్తువట. మిరియాల కషాయాలు, వామ్ము పొగలు అన్నీ అయ్యాక, వేసవిలో నాన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు పట్టుకొచ్చాడు. మృగశిర కార్తెకి హైదరాబాదు. బత్తినివారి చేపమందు.

మందులో ఏముందో వాళ్లు చెప్పరు, అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని జనవిజ్ఞాన వేదికవాళ్లు కోర్టుకి కూడా వెళ్లారు. సైన్సు చదువుతున్నవాడిగా నేను వేదిక వైపు ఉండాలి. ఉన్నది క్యూలో. చుట్టూ నిజంగా ఊపిరాడని ముసలివాళ్లు, పసిపిల్లలు. వాళ్లముందు నాకున్న సిగ్గుకి ఏ మందూ లేదు. నా చేతిలో నీళ్ల కవర్లో కొర్రమీను పిల్ల హుషారుగా తిరుగుతోంది. వంతొచ్చింది. దాని నోట్లో పసుప్పచ్చటి ముద్ద పెట్టారు, నా ముక్కు మూశారు, నోరు తెరిపించారు, ప్రాణమున్న చేప వేలితో సహా గొంతులోకి వెళ్లింది. అది దిగుతూ తోక ఆడించింది. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు నిజంగానే ఊపిరాడలేదు.

బయటికొచ్చాక నాన్న వీపు నిమురుతూ, "ఎలా ఉందిరా?" అన్నాడు.

"తగ్గిపోయింది నాన్నా. పూర్తిగా తగ్గిపోయింది."

"అలా అనకూడదు," అంది అమ్మ, "వరసగా మూడేళ్లు వెయ్యాలట."