సింక్ విషయంలో వినకూడని సలహాలు

కర్నూలు జిల్లా ఆలూరు, పత్తికొండ చేలల్లో నిలబడి, ఏ రైతు ఏ పంట వేశాడో ఫోన్‌లో ఈ-పంట నమోదు చేసేవాళ్లకు అన్ని చోట్లా సిగ్నల్ అందదు. సిగ్నల్ లేకపోతే వివరాలు సర్వర్‌కు చేరడం ఆలస్యమవుతుంది. పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, మద్దతు ధర కొనుగోళ్లకు ఆ నమోదే ఆధారం. సిగ్నల్ సరిగా లేని చోట, మారిన వరుసలను (రికార్డులను) మాత్రమే సర్వర్‌కు పంపే ఇంక్రిమెంటల్ సింకే సరైన దారి. దాని గురించి నోటికొచ్చిన సలహాలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నమ్మితే నష్టపోయేది రైతు.

"సర్వే నంబరే కీ, అది చాలు." ఒక వరుసను మరో వరుస నుంచి వేరుగా గుర్తించేదే కీ. దానికి సర్వే నంబరొక్కటే చాలదు. మన మెట్ట పొలాల్లో వేరుశనగ సాళ్ల మధ్య కంది వేయడం మామూలే. కీ సర్వే నంబరొక్కటే అయితే వెనక వచ్చిన కంది వరుస వేరుశనగ వరుసను చెరిపి కూర్చుంటుంది. వానల్లేక చేను ఎండిన ఏడు, ఆ రైతు పేరున వేరుశనగే కనబడదు! ఊరు, సర్వే నంబరు, సబ్‌డివిజన్, రైతు, సీజన్, పంట అన్నీ కలిస్తేనే కీ. జిల్లా కోడ్ మాత్రం అందులో పెట్టకండి. 2022 ఏప్రిల్ 4న డోన్, బనగానపల్లె కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. కీలో జిల్లా ఉంటే అక్కడి పాత రికార్డులన్నీ కొత్తవాటిలా మళ్లీ వచ్చి పడతాయి.

"మూలంలో తుడిచేస్తే గమ్యంలోనూ పోతుంది." పోదు. వేరుశనగ అని రాసింది ఆముదమని దిద్దారనుకోండి. లేని వరుసను సింక్ చూడలేదు కాబట్టి అవతల రెండు పంటలూ నిలుస్తాయి. తుడవకుండా 'రద్దు' అని గుర్తు పెట్టండి, ఆ గుర్తే మార్పుగా వెళుతుంది.

"చివరి సింక్ తర్వాతి తేదీలవి తెచ్చుకుంటే సరి." ఏ తేదీ? ఎక్కడిదాకా చదివిందో సింక్ ఒక తేదీ గుర్తు పెట్టుకుంటుంది. సోమవారం చేలో రాసింది గురువారం సర్వర్‌కు ఎక్కితే, అప్పటికే బుధవారానికి జరిగిపోయిన ఆ తేదీ గుర్తు దాన్ని పట్టుకోదు. ఫోన్ గడియారం వదిలేసి సర్వర్‌కు చేరిన సమయం చూడండి, ఆ గుర్తు కంటే కాస్త వెనక నుంచి చదవండి. కీ సరిగ్గా ఉంటే రెండుసార్లు వచ్చినా ఒక్క వరుసే నిలుస్తుంది. తేదీ గుర్తును కూడా అవతల రాయడం పూర్తయ్యాకే ముందుకు జరపాలి.

"ఇంక్రిమెంటల్ ఉండగా మొత్తం లెక్క ఎందుకు?" పూర్వం ఊరి లెక్కలు రాసే కరణం ఏడాది పొడవునా మార్పులు రాసినా, ఏటా జరిగే జమాబందిలో ఊరి లెక్కంతా సరిచూసేవారు. మీరూ సీజన్ ముగియకముందే ఊరివారీగా, పంటవారీగా రెండు వైపులా ఎకరాలు కూడి చూడండి. తేడా వస్తే నమోదు జాబితా మూసేలోపే దిద్దండి, లేకపోతే తర్వాత రైతు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.