అటక మీది రూటరు

తెలియదని ఒప్పుకునే అలవాటు మా వంశంలోనే లేదు. మిక్సీ ఆగితే విప్పేది నేనే, బిగించేది మాత్రం రిపేరు షాపువాడు. అలాంటి నేను 2020 లాక్‌డౌన్‌లో మా ఇంటి ఇంటర్నెట్ పంపకానికి పూనుకున్నాను.

ఫైబర్ రూటరు హాల్లో ఉంది. అమ్మాయి ఆఫీసు పని ముందుగదిలో, అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులు వెనకగదిలో. అక్కడికి సిగ్నల్ అందదు. "ఇంకోటి కొందాం నాన్నా" అంది అమ్మాయి. అటక మీద పాత ఏడీఎస్ఎల్ రూటరు ఉండగా డబ్బు దండగెందుకు? టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ వచ్చిన రోజుల సరుకది. దుమ్ము దులిపి, దాని లాన్ పోర్టుకీ హాల్లోదాని లాన్ పోర్టుకీ కేబుల్ తగిలించాను. లైట్లు వెలిగాయి. నా మొహమూ వెలిగింది.

ఆ పూట బాగానే నడిచింది. తర్వాత ఒకరికి నెట్ వస్తే ఇంకొకరికి రాదు. అమ్మాయికి మీటింగు మధ్యలో బొమ్మ ఆగిపోతుంది. అబ్బాయి స్క్రీన్ మీద 'ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్' అని వస్తే, చదవకుండానే "క్లోజ్ చేసెయ్‌రా" అన్నాను. స్విచ్చి ఆపి వేస్తే కాసేపు కుదురుకునేది. అదే నా కొంప ముంచింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంపెనీకి ఫోన్ చేసి దులిపేశాను. "ఆ పాతది పెట్టాకే కదండీ ఇదంతా" అంది మా ఆవిడ. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. అప్పటికి ఇంట్లో అసలు సంగతి పట్టుకున్నది ఆవిడొక్కతే.

కంపెనీ కుర్రాడు మాస్కు పెట్టుకుని వచ్చాడు. రెండు రూటర్లనూ తిరగేసి అడుగున స్టిక్కర్లు చూపించాడు. రెండింటికీ ఒకటే అడ్రసు: 192.168.1.1. "దేన్ని పిలిస్తే ఏది పలుకుతుందో వాటికే తెలీదు సార్" అన్నాడు.

ఈ అడ్రసులంటే నంబర్లే. ప్రపంచం మొత్తానికి ఐపీవీ4 అనే పద్ధతిలో ఉన్న నంబర్లు సుమారు 429 కోట్లే. అందుకని ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కొన్ని నంబర్లను విడిగా ఉంచారు. 192.168తో మొదలయ్యేవి వాటిలోవే. రూటరు ఇంట్లో ఒక్కో కంప్యూటరుకీ ఒక్కో నంబరు ఇస్తుంది, బయటికి మాత్రం అందరినీ ఒకే నంబరు మీద పంపుతుంది. ఏ జవాబు ఎవరిదో లెక్క పెట్టుకుని తెచ్చి అందిస్తుంది. లోపల నంబర్లు పంచే ఆ పని పేరు డీహెచ్‌సీపీ. నా పుణ్యమా అని రెండు రూటర్లూ ఆ పనికి దిగాయి. ఒకే బెర్తును ఇద్దరు టీసీలు ఇద్దరికి రాసిచ్చినట్టయింది.

కుర్రాడు పాతదాన్ని విడిగా లాప్‌టాప్‌కి కలిపాడు. అడ్రసు 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపేసి, మళ్లీ అదే కేబుల్‌తో తగిలించాడు. అంతే, ఇల్లంతా నెట్ వచ్చింది. కాఫీ ఇచ్చిన మా ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. తిట్టినా బాగుండేది.

ఇంట్లో రూటర్లు ఎన్నైనా కలుపుకోండి, నంబర్లు పంచే పని మాత్రం ఒక్కదానికే అప్పగించండి. కంపెనీవాళ్ల మీద అరిచే ముందు, నిన్న మీ చేత్తో కొత్తగా ఏం తగిలించారో ఒకసారి చూసుకోండి. అది గుర్తు రాకపోతే మీ ఆవిణ్ణి అడగండి.