ఇంటూ తొంభై

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి రిటైరైన సైనికాధికారులు కట్టుకున్న కాలనీ. ఒక బెటాలియన్ కదలాలంటే ఎన్ని నోళ్లు, ఎన్ని రోజులు, ఎన్ని బస్తాల పిండి అని కాగితం మీద పెట్టాకే ఆర్డరిచ్చిన మనుషులు వాళ్లు. ఇప్పుడు అవే వీధుల్లోంచి మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు సముద్రాలు దాటి వెళ్లిపోతున్నారు. వాళ్ల ఖర్చుల అంచనా రెండు మాటల్లో అయిపోతుంది: ఇంటూ తొంభై.

2025 డిసెంబరులో రూపాయి పడిపోయి డాలరు 90 దాటినప్పుడు పేపర్లన్నీ దిగులుపడ్డాయి. ఇక్కడ మాత్రం పార్కులో మిఠాయిలు పంచలేదన్న మాటే గానీ, మొహాలన్నీ వెలిగిపోయాయి. లక్షా ఇరవై వేల డాలర్ల ఆఫర్ వచ్చిన అబ్బాయి తండ్రికి కూర్చున్న కుర్చీలోనే కోటీ ఎనిమిది లక్షలైంది. అయితే ఈ ఎక్కం జీతానికే. అద్దె దగ్గరికొచ్చేసరికి మర్చిపోతారు. "రెండున్నర వేలేనట వదినా!" అంటారు. రెండున్నర వేల ఏమిటో చెప్పరు. నెలకు రెండు లక్షల పాతిక వేల రూపాయలని చెబితే, "ఛ, ఖర్చుని అలా మార్చి చూడకూడదు" అని మనకే పాఠం చెబుతారు.

సరే, మార్చొద్దు. అప్పుడు జీతాన్నీ మార్చకూడదు కదా? ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కలో డాలరంటే ఇరవై రూపాయల చిల్లర. అంటే ఆ కోటీ ఎనిమిది లక్షలు ఇక్కడి బతుకులో పాతిక లక్షలకు అటూఇటూ. ఇదే పాతిక లక్షలు ఇక్కడ తెస్తున్న అల్లుణ్ణి "ఏం సరిపోతాయిలెండి" అని పెదవి విరిచిన ఇళ్లు ఈ కాలనీలోనే ఉన్నాయి.

ఇన్సూరెన్స్ సంగతి అడిగితే "కంపెనీ ఇస్తుందట" అంటారు. ఇస్తుంది నిజమే. అమెరికాలో కంపెనీలిచ్చే కుటుంబ పాలసీకి ఉద్యోగి జీతంలోంచి పోయే వాటాయే ఏడాదికి సగటున 6,296 డాలర్లని కేఎఫ్ఎఫ్ సంస్థ 2024 సర్వే తేల్చింది. మన ఎక్కంలో ఐదు లక్షల అరవై ఆరు వేల పైమాటే. ఆ తర్వాత పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరుకిచ్చేది వేరే.

ఇక అంచనా కాగితంలో నాకు అన్నిటికన్నా నచ్చేది పిల్లల సంరక్షణ అనే గడి. అందులో అంకె ఉండదు, "అమ్మ" అని ఉంటుంది. ఆరు నెలలు ఈ అమ్మ, ఆరు నెలలు ఆ అమ్మ. ఆవిడ టూరిస్టు వీసా మీద వెళ్లి వంటింటికీ ఉయ్యాలకీ మధ్య టూరు చేసి వస్తుంది. డేకేర్ ఖర్చు మిగిలిందని కొడుకు సంతోషం. ఏటా పెద్దవాళ్ల విమానం టికెట్లు, విజిటర్ ఇన్సూరెన్సు, ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు, తాళం వేసిన ఇంటికి వాచ్‌మన్ జీతం ఎవరు రాస్తారు? మోకాళ్ల నొప్పితో మేడ మెట్లెక్కుతూ దిగుతూ ఆవిడ చేసిన చాకిరీకి మాత్రం రేటు సున్నా. నాన్నగారి ఖాతాలో పెన్షన్ పడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏమీ ఖర్చవలేదు!

కోడలి సంగతి ఇంకా సులువు. ఏ.ఎస్.రావు నగర్ బ్యాంకులో ఆవిడకో ఉద్యోగం ఉండేది. ఉద్యోగి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్తే ఊరికే పనిచేయనివ్వరు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం నడిస్తేనే ఆ అనుమతి. ఈ లోపల ఆవిడ సంపాదన సున్నా. సున్నాను తొంభైతో గుణిస్తే ఎంతవుతుందో మూడో తరగతి పిల్లలకు తెలుసు, మామగారికే గుర్తు రాదు.

అమెరికా వద్దు, బ్రిటన్‌లో వైద్యం ఫ్రీ అనే బృందం ఒకటుంది. ఆ ఫ్రీ వైద్యానికి 2024 ఫిబ్రవరి నుంచి వీసాదారులు ఏడాదికి పెద్దవాళ్లయితే తలకు 1,035 పౌండ్లు, పిల్లలైతే 776 కట్టాలి. మూడేళ్ల వీసాకు నలుగురికి 10,866 పౌండ్లు. కంపెనీ భరించకపోతే, లండన్‌లో ఒక్క తుమ్ము కూడా తుమ్మకముందే, దరఖాస్తుతో పాటే ఆ మొత్తమంతా కట్టేయాలి.

అంచనా తప్పితే ఏమవుతుందో కుటుంబాలతో సౌదీ వెళ్లిన పాతబస్తీవాళ్లని అడగండి. సౌదీ ప్రభుత్వం 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద తలపన్ను వేసింది. నెలకు తలకు 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి 400కు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలున్న మనిషికి ఏడాదికి 19,200 రియాళ్లు. ఎంతోమంది సామాన్లు అమ్మేసి పెళ్లాం పిల్లల్ని వెనక్కి పంపారు. వాళ్లకి లెక్క రాక కాదు, లెక్క వేసుకుని వెళ్లాక దొరలు అంకెలు మార్చారు. మన కాలనీవాళ్లకు ఆ సాకు కూడా లేదు. వీళ్ల అంకెలన్నీ వెబ్‌సైట్లలో కళ్లెదుటే ఉన్నాయి.

వెళ్లొద్దని ఎవరూ అనడం లేదు. లెక్క సరిగ్గా వేసుకుని వెళ్లి హాయిగా ఉన్నవాళ్లు డల్లాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ బోలెడుమంది. వెళ్లేముందు మాత్రం పార్కులో అంకుల్స్‌ని ఖర్చులు అడగకండి. వాళ్లకు తెలిసింది అబ్బాయి జీతమే. అబ్బాయికే ఫోన్ చేయండి, అదీ క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన రోజు చూసి.